చేతి బొమ్మకీ చేతి బొమ్మకీ మధ్య

సోన్‌కుల్ సరస్సు ఒడ్డున, మూడువేల మీటర్ల ఎత్తున
ట్రైపాడ్ మూడు కాళ్ళూ మూడు మాటలంటున్నాయి.
ఒకటి గడ్డిలో దిగబడింది, ఒకటి రాయెక్కింది,
మూడోదానికి మర్మోట్ బొరియ దొరికింది.
గాజుగొట్టంలో బుడగ
నడిమి గీతల్లోకి రానని మొరాయిస్తోంది.

తోప్చుబెక్ మాస్టారయితే అనేవాడు:
"బుడగ ఒప్పుకునేదాకా నువ్వు నోరెత్తకు.
ఇక్కడ వెంట్రుకవాసి వంకర
అక్కడ సరస్సుని ఒలకబోస్తుంది."

సంచీలో రాళ్ళు నింపి ట్రైపాడ్ నడుముకి వేలాడదీశాను.
అయినా గాలి గాలే.

ఇక అసలు కిటుకు.
కెమెరా తన అడుగున ఉన్న మరమీద తిరిగిందా,
యుర్త్‌ని కట్టిన తాడు కొండమీంచి జరిగిపోతుంది.
ఒక బొమ్మలో మంచుకి ఇవతల, ఇంకో బొమ్మలో అవతల.
లెన్సు కడుపులో ఎక్కడో ఒక చుక్క ఉంటుంది.
దాని చుట్టూ తిరిగితేనే
దగ్గరిదీ దూరపుదీ ఒకదాన్నొకటి వదలవు.
ఒక కన్ను మూసి, ముందుకి జరిపి, వెనక్కి జరిపి,
తాడూ శిఖరమూ కదలని చోటు వెతుక్కోవాలి.
నా లెన్సుకి అరవైరెండు మిల్లీమీటర్లు.
మాస్టారి ఇత్తడి పట్టా మీద
మేకుతో గీసిన గీతలు ఇంకా తొమ్మిదున్నాయి.
అవి ఏ లెన్సులవో
ఆయన పోయాక చెప్పేవాళ్ళు లేరు.

పోలరైజర్ తీసేశాను.
అది ఆకాశాన్ని ఒక పక్క నీలిమందులో ముంచి
ఇంకో పక్క ఉతికి ఆరేస్తుంది.
అపర్చర్ పదకొండు, షటర్ నూటపాతికో వంతు,
ఫోకస్‌కి టేపు అంటించాను.
ఇక మబ్బొచ్చి బతిమాలినా ముట్టను.

ముందు నా అరచేయి, ఒక బొమ్మ.
ఇక్కడ మొదలు అని గుర్తు.
తర్వాత కెమెరా నిలువుగా, ఎడమనుంచి కుడికి.
ప్రతి బొమ్మా వెనకటి బొమ్మలో మూడోవంతుని
పిల్లి తన పిల్లని కరుచుకున్నట్టు
నోట కరుచుకుని వస్తోంది.

నాలుగో బొమ్మలోకి సైకాల్ అవ్వ మనవడు ఎర్నిస్ వచ్చాడు,
ఎర్రగుర్రం మీద, అదీ ఎడమనుంచి కుడికే,
నేను తిప్పే వేగంతోనే.
ఆగమని అరిచాను. చెయ్యూపాడు.
ఎండ కొండ దిగుతోంది, నేనాగలేను.
ఐదు. ఏడు. తొమ్మిది. ఇంకా ఉన్నాడు.

పన్నెండో బొమ్మకి గాలి విసురుగా తిరిగింది.
రెండు చేతులా ట్రైపాడ్‌ని కావలించుకుని
రిమోట్ పళ్ళ మధ్య పెట్టుకున్నాను.
అయిపోయిందనడానికి చివర ఒక చేయి కావాలి, నాకేమో లేదు.
ఎర్నిస్ గుర్రం మీంచే వంగి
లెన్సు ముందు తన చేయి పెట్టాడు.
కొరికాను. క్లిక్.

రాత్రి యుర్త్‌లో, పొయ్యి పక్కన,
సోలార్ బ్యాటరీ చచ్చేలోగా అతికించాను.
సరస్సు ఒక్క కుట్టూ కనపడకుండా పరుచుకుంది.
దాని ఒడ్డున నలుగురు ఎర్నిస్‌లు,
ఒకచోట ఆరుకాళ్ళతో తల లేని గుర్రం.
చెరిపేద్దామని మౌస్ అందుకున్నాను.

సైకాల్ అవ్వ కుమిస్ గిన్నె కింద పెట్టింది.
"ఉంచు.
సాయంత్రం మంద తోలడానికి ఒక్కడు చాలడంలేదు."
"తల లేనిదో అవ్వా?"
"తలతో పనేముంది, పాలిచ్చేది ఇటుపక్క కదా."
"అది మగది," అన్నాడు ఎర్నిస్, నిద్రలోంచి.

ఇద్దర్ని ఉంచాను. ఏ ఇద్దర్నో అవ్వే ఎంచింది.

రెండు చేతులు మిగిలాయి.
నాది, గోళ్ళలో రాళ్ళమట్టి.
వాడిది, కళ్ళెం ఒరిసిన గీత అరచేతికి అడ్డంగా.
ఊరికే, చూద్దామని,
ఆ రెంటినీ కూడా అతకమన్నాను.
చాలాసేపు వెతికి
కలిసే అంచు ఒక్కటీ దొరకలేదంది కంప్యూటర్.
బ్యాటరీ అయిపోయింది.